‘నెట్ వస్తలేదు’ అంటే ముందుగా ఏం అడగాలి?

హన్మకొండలో ఓ చిన్న ఆఫీసు గది అనుకోండి. టేబుల్‌కు ఇటు ఇద్దరు, అటు ఇస్త్రీ చొక్కాలో చెమటలు తుడుచుకుంటూ ఓ కుర్రాడు. ‘డీహెచ్‌సీపీ ఫుల్ ఫామ్ ఏంటి?’ అని అడిగారు, టక్కున చెప్పాడు. ‘ఓఎస్ఐ మోడల్‌లో ఎన్ని లేయర్లు?’ అంటే ఏడింటినీ ఎక్కాల్లా అప్పజెప్పాడు. ర్యామ్‌కూ రోమ్‌కూ తేడా కూడా చెప్పాడు. ఇంకేం, సోమవారం నుంచి రమ్మన్నారు. మూడు వారాలు తిరగకముందే అకౌంట్స్ సెక్షన్‌లో ఓ సిస్టమ్ స్లో అయింది. ఆ కుర్రాడు దాన్ని ఫార్మాట్ చేసి, విండోస్ కొత్తగా వేసి, చేతులు దులుపుకున్నాక అడిగాడు: “సార్, టాలీ డేటా ఇందులోనే ఉండెనా?”

ఈ కథలో కుర్రాడి తప్పు సగమే. మిగతా సగం ఇంటర్వ్యూ చేసినవాళ్లది. డేటా ఎక్కడుందో అడిగే అలవాటు అతనికి ఉందో లేదో ఆ పావుగంటలో తేలే అవకాశం ఉన్నా, వాళ్లు ఫుల్ ఫామ్‌లు అడిగి సరిపెట్టారు.

వరంగల్ చుట్టుపక్కల డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగం అనగానే ఐటీ కంపెనీలే గుర్తొస్తాయి. 2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ సెంటర్లు తెరిచాయి. అదే ఏడాది కరీంనగర్‌లో ఐటీ టవర్, 2023లో నిజామాబాద్‌లో ఐటీ హబ్ వచ్చాయి. కానీ ఈ పని అక్కడితో ఆగదు. ప్రైవేటు ఆస్పత్రులు, ఇంజినీరింగ్ కాలేజీలు, సహకార బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, జిన్నింగ్ మిల్లులు, షోరూములు, ఎక్కడ పది కంప్యూటర్లు ఉంటే అక్కడ వాటిని చూసుకునే మనిషి ఒకరు కావాలి. పెద్ద కంపెనీలో అయితే టికెట్ వస్తుంది, ఎల్1, ఎల్2 అంటూ మెట్లుంటాయి, తెలియకపోతే పైవాడికి పంపొచ్చు. ఇరవై సిస్టమ్‌ల ఆస్పత్రిలో పైవాడు ఉండడు. ఓపీ కౌంటర్ దగ్గర పేషెంట్లు క్యూ కట్టి ఉండగా బిల్లు ప్రింట్ కాకపోతే అందరూ ఆ ఒక్కడి మొహమే చూస్తారు. ఇంటర్వ్యూలో అడగాల్సింది ఆ నిమిషంలో అతను ఏం చేస్తాడనే.

ఫుల్ ఫామ్ ప్రశ్నలు పూర్తిగా దండగ అనడానికి లేదు. డీఎన్ఎస్ అనే మాటే వినని మనిషిని తీసుకోలేం. కాకపోతే ఇప్పుడు ఆ ప్రశ్నలన్నీ జవాబులతో సహా ఫోన్లోనే దొరుకుతున్నాయి. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవాళ్లకు చివరి వారమంతా అవే బట్టీ వేయిస్తారు. పైగా కంప్యూటర్ల మధ్య సమాచారం సాగే తీరును ఏడు పొరలుగా విడదీసి చెప్పే ఓఎస్ఐ నమూనా 1984లో ప్రమాణంగా వచ్చింది. సెషన్ లేయర్ ఏం చేస్తుందో చెప్పగలిగినంత మాత్రాన కౌంటర్ మీద ప్రింటర్ నడవదు.

దీనికి బదులు టేబుల్ మీద ఓ ఫోన్ పెట్టి, ఇంటర్వ్యూ చేసే మనిషే క్యాషియర్‌గా మారిపోతే చాలు. “సారూ, నెట్ వస్తలేదు” అనాలి. అంతకు మించి ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. ఎదుటి మనిషి ఇప్పుడు ఏం అడుగుతాడన్నదే పరీక్ష.

కొందరు వెంటనే, “రౌటర్ రీస్టార్ట్ చేయండి సార్” అంటారు. ఆఫీసంతా పని చేసుకుంటున్నప్పుడు ఒక్కరి కోసం రౌటర్ ఆపితే మిగతా అందరికీ నెట్ పోతుంది. ఇంకొందరు, “టీసీపీ ఐపీ సెట్టింగ్స్ చెక్ చేస్తాను” అంటారు. వినడానికి బాగుంటుంది, ఏం చెక్ చేస్తావంటే మాత్రం నీళ్లు నములుతారు. పనికొచ్చే మనిషి ఇలా మొదలుపెడతాడు:

“మీ ఒక్కరికేనా మేడం, పక్క సిస్టమ్‌ల కూడా వస్తలేదా?”

“పక్కన సార్‌కు మంచిగనే వస్తుంది.”

“పొద్దుగాల్నుంచి గిట్లనే ఉందా, మధ్యల పోయిందా?”

“లంచ్‌కు పోయేముందు ఉండె. వచ్చేసరికి లేదు. గా టేబుల్ జరిపి ఊడ్చిన్రు.”

“అట్లనా. సీపీయూ ఎనకాల నెట్ వైర్ పెట్టే కాడ చిన్న లైట్ వెలుగుతుందా, జర చూడున్రి.”

మూడు ప్రశ్నలతోనే సమస్య టేబుల్ వెనక్కి, ఊడిన తీగ దగ్గరికి చేరింది. మొదటి ప్రశ్నతోనే సగం పని అయిపోయింది. పక్కవాళ్లకు వస్తోందంటే రౌటర్, లైన్, బిల్లు కట్టకపోవడం లాంటివన్నీ పక్కకు పోయినట్టే. అందరికీ పోయిందంటే ఈ మేడం సిస్టమ్ ముట్టుకోవాల్సిన పనే లేదు, నెట్ తీగలన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ ఉన్న చోటికి నడవాలి. మన దగ్గర దీనికో మామూలు కారణం ఉంది. కంప్యూటర్లన్నీ యూపీఎస్ మీద ఉంటాయి, గోడ మీది ఆ నెట్‌వర్క్ స్విచ్ మాత్రం మామూలు ప్లగ్గులో ఉంటుంది. కరెంటు పోతే కంప్యూటర్లు ఆన్‌లోనే ఉంటాయి, నెట్ పోతుంది. “కరెంట్ పోయిందా మేడం?” అని అడిగిన అభ్యర్థి పుస్తకం నుంచి కాకుండా అనుభవం నుంచి మాట్లాడుతున్నట్టు లెక్క.

అతను తొందరగా తేల్చేస్తే కథ కొంచెం మార్చాలి. “వైర్ మంచిగనే ఉంది, లైట్ కూడా వెలుగుతుంది” అనాలి. అప్పుడు ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ చిరునామా చూస్తానంటాడు. 169.254తో మొదలవుతోందని చెప్పాలి. కంప్యూటర్లకు ఐపీ అడ్రస్ దానంతటదే పంచే ఏర్పాటే డీహెచ్‌సీపీ, దాని అసలు అర్థం ఇక్కడ బయటపడుతుంది. అడ్రస్ ఇచ్చే సర్వర్ దొరకనప్పుడు విండోస్ తనకు తానే పెట్టుకునే అడ్రస్ అది. ఫుల్ ఫామ్ గడగడా చెప్పినవాళ్లలో కొందరు ఇక్కడ ఆగిపోతారు. ఫుల్ ఫామ్ మర్చిపోయి, “సార్, దీనికి రౌటర్ నుంచి ఐపీ రాలేదు, కేబుల్ వేరే పోర్ట్‌లో పెట్టి చూస్తా” అన్నవాడు ముందుకు పోతాడు. ఇంకా సాగదీయాలనుకుంటే, 8.8.8.8 అనే గూగుల్ సర్వర్ అడ్రస్‌కు పింగ్ (లైన్ ఉందా అని చూసే చిన్న పలకరింపు) పోతోంది కానీ సైట్లు తెరుచుకోవడం లేదని చెప్పి చూడొచ్చు. లైన్ బాగుంది, పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ దగ్గరే చిక్కు అని అతను ఎంతసేపట్లో అంటాడో చూడాలి. ఇరవై ప్రశ్నల కాగితం కన్నా ఈ ఒక్క ఫోన్ కాల్ ఎక్కువ విషయం బయటపెడుతుంది.

ఇలాంటి కథలు ఇంటర్వ్యూకు రెండు మూడు సిద్ధంగా ఉండాలి. ఒకటి గూగుల్‌లో వెంటనే దొరకనిదైతే మంచిది. ఉదాహరణకు ఇది: “ఫలానా సిస్టమ్‌లో రోజూ పొద్దున వెబ్‌సైట్లు తెరుచుకోవు, ఏదో సెక్యూరిటీ హెచ్చరిక వస్తుంది. పక్కాయన వచ్చి ఏదో చేస్తే సాయంత్రం దాకా బాగుంటుంది. మళ్లీ తెల్లారితే అదే కథ.” పొద్దున మాత్రమే ఎందుకొస్తోంది? పక్కాయన చేస్తున్నదేంటి? రాత్రి ఆఫీసు మూసేటప్పుడు మెయిన్ ఆఫ్ చేస్తారా? ఈ మూడూ అడిగితే జవాబు దానంతటదే వస్తుంది. పక్కాయన చేసేది తేదీ సరిచేయడం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోతే కరెంటు తీసిన రాత్రల్లా గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు చెల్లుబాటు తేదీలుంటాయి కాబట్టి, పాత తేదీలో ఉన్న కంప్యూటర్‌కు అవి ఇంకా మొదలుకానివిగా కనిపిస్తాయి. బ్రౌజర్ వద్దంటుంది. చౌరస్తాలో ఏ కంప్యూటర్ షాపులోనైనా చిల్లరకు దొరికే బ్యాటరీ కోసం విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన ఆఫీసులు లేకపోలేదు.

ప్రింటర్ గురించి అడగని ఇంటర్వ్యూ ఇంటర్వ్యూయే కాదు. ఒక సిస్టమ్‌కు కలిపి, మిగతావాళ్లకు షేర్ చేసిన ప్రింటరే చాలా చోట్ల ఉంటుంది. ప్రింట్ ఇచ్చినవన్నీ క్యూలో ఇరుక్కుంటే, ప్రింట్లను వరుసలో పెట్టి పంపే స్పూలర్ సర్వీసు ఆపి, ఆ ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్లీ మొదలుపెట్టాలని అనుభవం ఉన్న ప్రతివాడూ చెబుతాడు. ఇంకో మెట్టు ఎక్కాలంటే 11బి ఎర్రర్ గురించి అడగొచ్చు. 2021 సెప్టెంబరు విండోస్ అప్‌డేట్ తరువాత షేర్ చేసిన ప్రింటర్లు చాలా చోట్ల ఈ ఎర్రర్‌తో ఒక్కసారిగా ఆగిపోయాయి. స్పూలర్‌లోని భద్రతా లోపాన్ని మూసే మార్పు దానికి కారణం. అప్పట్లో ఎక్కువమంది చేసిన పని, అప్‌డేట్ తీసేయడం లేదా విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి ఆ భద్రతను ఆపేయడం. ప్రింటర్ నడిచింది, తలుపు తెరిచే ఉండిపోయింది. అలా చేశానని చెప్పిన అభ్యర్థిని తప్పుపట్టనక్కర్లేదు, కౌంటర్ ఆగిపోయినప్పుడు ఎవరైనా అదే చేస్తారు. తరువాత రెండు వైపులా సిస్టమ్‌లు అప్‌డేట్ చేసి ఆ విలువను మళ్లీ మామూలుగా పెట్టావా అని అడిగి చూడాలి. ‘పెట్టలేదు, మర్చిపోయా’ అన్నా పర్వాలేదు. ఏం చేశాడో అసలు గుర్తులేనివాడితోనే ఇబ్బంది.

వరంగల్ ఆఫీసుల్లో రోజూ ఎదురయ్యే ఇంకో సంగతి ఇంటర్నెట్‌లో తిరిగే ప్రశ్నల జాబితాల్లో కనిపించదు, తెలుగు ఫాంట్ల గొడవ. కాలేజీ నుంచో, డీటీపీ సెంటర్ నుంచో ఓ వర్డ్ ఫైల్ వస్తుంది. తెరిస్తే తెలుగు ఉండదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిపిన పిచ్చి రాత ఉంటుంది. చాలామంది అభ్యర్థులు, “ఫాంట్ గౌతమికి మార్చాలి సార్” అంటారు. మారిస్తే ఆ పిచ్చి రాత అలాగే ఉంటుంది. అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో తెలుగు ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన చోట్లలో పెట్టారు. అంటే ఫైల్ లోపల ఉన్నది నిజానికి ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే, తెలుగులా కనిపించేది ఆ ఫాంట్ వేసిన వేషం. గౌతమి, నిర్మల లాంటివి యూనికోడ్ ఫాంట్లు, వాటిలో తెలుగుకు సొంత సంఖ్యలున్నాయి. అందుకే ఒకదాని బదులు ఇంకొకటి పెడితే కుదరదు. అదే ఫాంట్ ఇన్‌స్టాల్ చేయాలి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి, చదువుకుంటే చాలనుకుంటే పంపినవాళ్లనే పీడీఎఫ్ అడగాలి. అభ్యర్థికి ఇదంతా ముందే తెలియకపోవచ్చు. కానీ, “వాళ్ల దగ్గర ఇది ఏ ఫాంట్‌లో టైప్ చేశారో కనుక్కుంటా” అన్నాడంటే దారి పట్టినట్టే.

భాష గురించి ఇక్కడే చెప్పుకోవాలి. మన దగ్గర డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంటర్వ్యూ మొదటి నిమిషమే ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’. నర్సంపేట, పరకాల, మహబూబాబాద్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన బీకాం కంప్యూటర్స్ కుర్రాడికి టెన్షన్ అక్కడే మొదలవుతుంది. నేర్చుకున్న నాలుగు వాక్యాలు తడబడగానే ‘కమ్యూనికేషన్ వీక్’ అని రాసేస్తారు. హైదరాబాద్‌కో అమెరికాకో ఫోన్‌లో సపోర్ట్ ఇచ్చే పనైతే ఇంగ్లీషు నిజంగానే కావాలి, సందేహం లేదు. కానీ మాట్లాడాల్సింది ఓపీ కౌంటర్‌లో కూర్చునే అమ్మాయితో, మిల్లులో తూకం రాసే పెద్దాయనతో అయితే అక్కడ కావాల్సిన కమ్యూనికేషన్ వేరు. పెద్దాయన, “గిదేందో నీలం తెర వచ్చింది, ఇంగ్లీషుల రాసుంది” అన్నప్పుడు విసుక్కోకుండా, “ఏం కాదు బాపూ, కింది లైన్‌ల ఏమేం అక్షరాలున్నయో ఒక్కొక్కటి చెప్పు” అని రాబట్టగలగాలి. వరంగల్, కరీంనగర్‌లలో ఉర్దూ కలిసిన హిందీ రావడం కూడా అంతే పనికొస్తుంది. ఇంగ్లీషు ఎంత కావాలో చూడటానికి వేరే దారి ఉంది. ఓ ఎర్రర్ మెసేజ్ చూపించి అర్థం చెప్పమనాలి, చేసిన పనిని మూడు వాక్యాల్లో టికెట్‌లో రాయమనాలి. స్పెల్లింగ్ తప్పులు పోనీయండి. ఏం జరిగింది, ఏం చూశాడు, ఏం మార్చాడు అన్న మూడూ అందులో ఉన్నాయో లేదో చూస్తే సరిపోతుంది.

రెజ్యూమె గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఎంసీఎస్ఏ సర్టిఫికెట్లను మైక్రోసాఫ్ట్ 2021 జనవరితో ఆపేసింది. ఆ తరువాత పాసయ్యానని ఎవరైనా రాస్తే అడిగి తెలుసుకోవాలి. ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు) చేసినవాళ్లనూ, పాలిటెక్నిక్ డిప్లొమావాళ్లనూ బీటెక్ లేదని పక్కన పెట్టడం మాత్రం తెలివితక్కువ. స్క్రూడ్రైవర్ పట్టడం తెలిసినవాళ్లు వాళ్లలోనే ఎక్కువ. బీటెక్ కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చేదాకా ఇక్కడ కాలక్షేపం చేసి పోయే అవకాశమూ ఉంది. అది అతని తప్పేమీ కాదు గానీ, తీసుకునేవాళ్లు లెక్కలో పెట్టుకోవాల్సిందే.

మళ్లీ ఫార్మాట్ దగ్గరికి వద్దాం. “సిస్టమ్ స్లో అయింది” అని ఓ కథ తప్పకుండా ఇవ్వాలి, ఎందుకంటే ఈ పనిలో తిరిగిరాని నష్టం జరిగేది అక్కడే. మంచి అభ్యర్థి ముందు టాస్క్ మేనేజర్ తెరుస్తానంటాడు. డిస్క్ నూటికి నూరు శాతం కొట్టుకుంటోందా, ర్యామ్ నిండిందా, హార్డ్ డిస్కా ఎస్ఎస్‌డీనా అని చూస్తాడు. ఇక ఫార్మాట్ తప్పదనుకుంటే, “ఇందులో ఏమేం ఉన్నాయి, ఎవరెవరు వాడతారు?” అని అడుగుతాడు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేసుకుంటా అంటే సరిపోదు. టాలీ డేటా వేరే ఫోల్డర్‌లో ఉంటుంది, అవుట్‌లుక్ మెయిళ్లు పీఎస్‌టీ ఫైల్‌లో ఉంటాయి, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్ ఉంటుంది, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లుంటాయి. ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పనక్కర్లేదు, పాత డిస్క్‌ను వారం పాటు అలాగే పక్కన పెట్టి కొత్తదానిలో వేస్తా అన్నా చాలు. అనుభవం మీద వచ్చే జాగ్రత్త అది.

దాంతోపాటే అడగాల్సింది, డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి డేటాకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ గురించి. 2024 జూలై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ ఇచ్చిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. సేఫ్ మోడ్‌లోకి పోయి ఒక ఫైల్ తీసేస్తే బాగయ్యేది. కానీ చాలా చోట్ల ఆ పనిని ఒక్కో కంప్యూటర్ దగ్గరికి నడిచిపోయి చేతితో చేయాల్సి వచ్చింది. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ లేనిదే లోపలికి పోనివ్వలేదు. ‘ఆ కీ ఎక్కడ దాస్తావు?’ అని అడిగితే, అదే ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్ ఫైల్‌లో అని చెప్పేవాళ్లూ ఉంటారు. నవ్వొచ్చినా నవ్వకూడదు. తాళం చెవి బీరువాలోనే పెట్టి బీరువా మూసినట్టు కదా అని అడిగి చూడాలి. తప్పు తనంతట తానే పట్టుకుంటే ఆ మనిషి నేర్చుకోగలడు.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం ప్రాసెసరో, ఆపైదో ఉండాలి. ఇక్కడి ఆఫీసుల్లో అంతకంటే పాత సిస్టమ్‌లు బోలెడు. యజమానికి ఇది ఎలా చెబుతావని అడిగితే మనిషి తీరు తెలుస్తుంది. ‘బైపాస్ ట్రిక్ ఉంది సార్, ఎక్కించేస్తా’ అనేవాడు ఒకడు. ‘ముందు డబ్బు లావాదేవీలు జరిగే మూడు సిస్టమ్‌లు మారుద్దాం, మిగతావి ఈ ఏడాది తరువాత చూద్దాం’ అనేవాడు ఇంకొకడు. రెండోవాడికి ట్రిక్ తెలియదని కాదు.

నిజాయితీని నేరుగా అడిగితే ఎవరైనా నిజాయితీపరుడినే అంటారు. దానికీ కథే మేలు. క్యాషియర్ భయంగా వచ్చి, “బ్యాంకు నుంచి ఫోన్ చేసిన్రు, ఎనీడెస్క్ వేసుకోమంటే వేసుకున్న, ఇప్పుడు మౌస్ దానంతటదే తిరుగుతుంది” అన్నాడనుకోండి. ఎనీడెస్క్‌తో ఎక్కడో ఉన్నవాడు మన కంప్యూటర్‌ను నడపగలడు, కాబట్టి ముందు నెట్ వైర్ లాగేయాలి. తరువాత వేరే ఫోన్‌తో బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. యాంటీవైరస్ స్కాన్ పెడతానని కూర్చుంటే ఈలోగా డబ్బు పోతుంది. క్యాషియర్‌ను తిట్టడం మొదలుపెట్టే అభ్యర్థి విషయంలోనూ ఆలోచించాలి, ఎందుకంటే ఓసారి తిట్లు తిన్నవాళ్లు రెండోసారి ఇలాంటిది జరిగితే దాచిపెడతారు. వీలైతే ఒక ప్రశ్న అతనికి తెలియదని తెలిసే అడగాలి. ‘తెలియదు సార్, కానీ ఇక్కడ వెతుకుతా, లేదా ఫలానావాళ్లను అడుగుతా’ అన్న జవాబుకు పూర్తి మార్కులివ్వాలి.

పది నిమిషాలు చేతికి పని చెప్పగలిగితే మాటల అవసరం ఇంకా తగ్గుతుంది. ఓ పాత సిస్టమ్‌లో ర్యామ్ కొంచెం వదులు చేసి పెట్టడం, ప్రింటర్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టడం, మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డు ఉన్నా మదర్‌బోర్డు పోర్టులో గుచ్చడం, ఇవి చాలు. కేస్ విప్పేముందు ప్లగ్గు తీశాడా, తీసిన స్క్రూలు ఒకచోట పెట్టాడా, ఒకసారికి ఒకటే మార్చి చూస్తున్నాడా అన్నవి గమనించాలి. మూడు ఒకేసారి మార్చేస్తే సిస్టమ్ లేచినా దేనివల్ల లేచిందో అతనికి తెలియదు.

ఇక ఇవతలివాళ్లు చెప్పాల్సినవి. జీతం సొంత రోల్స్ మీదా, ఏజెన్సీ ద్వారానా? ములుగు, భూపాలపల్లి బ్రాంచీలకు పోవాలంటే పెట్రోల్ డబ్బులు ఎవరిస్తారు? ఆదివారం ఫోన్ వస్తే అది డ్యూటీ కిందికి వస్తుందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుని బాండ్ రాయించే అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. అలా పట్టి ఉంచిన మనిషి సగం మనసుతోనే పని చేస్తాడు. ఇవన్నీ ముందే చెబితే ఒకరిద్దరు వద్దనుకుని పోతారు, మూడో నెలలో పోవడం కన్నా అదే నయం.

చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటే చాలామంది తల అడ్డంగా ఊపి లేచిపోతారు. ఎప్పుడో ఒకరు మాత్రం కూర్చునే అడుగుతారు: “సార్, ఇదివరకు ఈ పని చూసినాయన పోయేటప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్‌లు ఎవరికిచ్చి పోయిండు?” చాలా ఆఫీసుల్లో అప్పుడు ఇటు కూర్చున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.